మంచం మోసే నలుగురు

(శతజయంతి ఉత్సవాల సందర్భంగా జరిగిన ఆరోగ్య సేవా సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



గ్రామంలో వైద్య సేవలు, సంక్షేమ సేవలు ఒకదానితో ఒకటి కలిసి పనిచేయుట ఎట్లు అన్న అంశం మీద మాట్లాడమని కార్యదర్శిగారు మమ్మల్ని కోరారు. ఇది డాక్టర్లు, అధికారులు మాట్లాడవలసిన అంశమని మేము మొదట వెనుకాడాము. కాని పల్లె సంఘాలలో తిరిగే గురువు ఒక ఇంటికి పోనంత తొందరగా డాక్టరు పోడు గదా, ఆ ఇంట్లో చూచినది చెప్పండి చాలునని వారు అన్నారు. కాబట్టి చూచినదే చెప్పబోతున్నాము. అందులో మాకు గౌరవం తెచ్చే సంగతులు కొద్ది. సిగ్గుపడవలసినవి ఎక్కువ.

మనిషి ఎంత సంపాదించినా చివరకు మోయటానికి నలుగురు ఉండాలని మన పెద్దలు అంటారు. నిజమే. చనిపోయినవారిని మోయటానికి మన పల్లెలలో నలుగురికి ఎన్నడూ కరువు రాలేదు. కాని బ్రతికి ఉండి మంచం పట్టినవారిని మోయటానికి నలుగురు దొరుకుతున్నారా? సువార్తలో పక్షవాయువుగల మనిషిని నలుగురు మోసుకొని వచ్చిన సంగతి మనమందరము ఎరిగినదే. జనం అడ్డమైతే వారు ఇంటికప్పు విప్పి మంచం దింపారు. ఆ నలుగురి పేర్లు మనకు తెలియవు. ఎవరు ఏ మూల పట్టుకొన్నారో తెలియదు. నలుగురూ ఒకే దిక్కుకు నడిచారని మాత్రం తెలుసు. ఒకడు తూర్పుకు, ఒకడు పడమరకు లాగితే మంచం కదిలేది కాదు.

ఒక అవ్వ సంగతి

కొన్నేళ్ళ క్రిందట మా గురుమండలంలోని ఒక ఊరిలో ఒక అవ్వకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు పడిపోయినవి. కొడుకు లేడు. కోడలు కూలికి పోయి ఇద్దరు పిల్లలను సాకుతున్నది. 108 బండి పిలిస్తే వచ్చింది. పట్నంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచుకొని, ప్రాణాపాయం తప్పిందని ఇంటికి పంపారు. అంతవరకు జరిగినదంతా మంచిదే. ఆ వైద్యం లేకుంటే అవ్వ మొదటి రాత్రే పోయేది.

ఇంటికి పంపునప్పుడు ఒక కాగితం ఇచ్చారు. రోగిని రెండు గంటలకొకసారి ప్రక్కకు తిప్పవలెనని, వీపు తడి లేకుండా చూడవలెనని అందులో ఉన్నది. కాగితం ఇంగ్లీషులో ఉన్నది. కోడలు దానిని భద్రంగా దేవుని వాక్యం మధ్యలో పెట్టి దాచింది. మందుల చీటీ అనుకొన్నది.

ఆ ఊరిలో ఆశ కార్యకర్త ఉన్నది. ఆమె దగ్గర గర్భిణుల జాబితా, పసిబిడ్డల జాబితా ఉన్నవి. అవ్వ ఆసుపత్రి నుండి వచ్చిన సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. మూడిండ్ల అవతల అంగన్‌వాడీ ఉన్నది. అవ్వ మనుమలు అక్కడే అన్నం తింటున్నారు. నానమ్మ ఎట్లా ఉన్నదని టీచరమ్మ అడిగితే, పండుకొన్నదని పిల్లలు చెప్పారు. అవ్వకు వృద్ధాప్య పింఛను ఉన్నది. వేలిముద్ర వేయటానికి రాలేదని అది ఆగిపోయింది. అందుకని పాలు, గుడ్లు కూడా ఆగిపోయినవి. కోడలు డ్వాక్రా సంఘంలో సభ్యురాలు. రెండు నెలలు కిస్తీ కట్టలేదని సంఘంవారు ఇంటికి వచ్చి అడిగి పోయారు.

ఇక మేము. మేము ప్రతి శనివారం సంఘ పెద్దలతో వెళ్ళి ప్రార్థన చేశాము. తలవైపు నిలబడి, నుదుటి మీద చేయి ఉంచి, కీర్తన పాడి వచ్చాము. అవ్వ మెడ వరకు దుప్పటి కప్పి ఉండేది. గదిలో వాసన వస్తుంటే మంచాన పడ్డ మనిషి గదా అనుకొన్నాము. ఒక శనివారం కోడలు మమ్మల్ని గుమ్మం దగ్గర ఆపి, "అయ్యగారూ, ఒకసారి అత్తమ్మ నడుము చూస్తరా, నాకు భయమైతున్నది" అన్నది. దుప్పటి తీసింది. నడుము క్రింద అరచేయంత పుండు. లోపల ఎముక కనబడుతున్నది.

ఆ తరువాత అందరము పరుగెత్తాము. ఆలస్యమైంది. ఆరు వారాలకు అవ్వ పోయింది. శవపేటికకు, భూస్థాపన ఖర్చులకు అని సంఘంలో చందా వేస్తే ఒక్క పూటలో తొమ్మిది వేల రూపాయలు పోగైనవి. మోయటానికి నలుగురు కాదు, నలభై మంది వచ్చారు. ఆ సాయంకాలం ఇంటికి వచ్చి లెక్క చూచుకొన్నాము. ఆ డబ్బులో సగం ముందే పెట్టి ఉంటే గాలి పరుపు వచ్చేది. రెండు గంటలకొకసారి తిప్పటానికి ఇరుగు పొరుగు ఆడవాండ్లు వంతులు వేసుకొని ఉంటే పరుపు కూడా అక్కరలేకపోయేది.

ఈ సంగతిలో దుర్మార్గులు ఎవరూ లేరు. ఆసుపత్రి తన పని చేసింది. ఆశ తన జాబితా ప్రకారం తిరిగింది. టీచరమ్మ పిల్లలకు అన్నం పెట్టింది. గురువు ప్రార్థన చేశాడు. ఎవరి మూల వారు పట్టుకొన్నాము గాని, ఒక్కసారి అందరమూ కలిసి మంచం ఎత్తలేదు. మేము వేదాంత కళాశాలలో గ్రీకు నేర్చుకొన్నాము, ప్రసంగ శాస్త్రం నేర్చుకొన్నాము. దుప్పటి తీసి చూడమని మాత్రం ఆ కోడలు నేర్పింది.

మనకు ముందు నడిచినవారు

కలిసి పనిచేయుట కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రిని 1915లో ప్రారంభించిన డాక్టరు ఇసబెల్ కెర్ మిషనరీ. ఆ పనికి విరాళం ఇచ్చిన రాజా నర్సాగౌడ్ హిందువు. రాజ్యం నిజాముది. ఒకరి చేయి లేక మరొకరిది సాగేది కాదు. మన మిషన్ ఆసుపత్రులను తలచుకొనేటప్పుడు మనము మిషనరీల పేర్లు చెప్పి ఊరుకొంటాము. పొలం ఇచ్చినవారిని, బండి కట్టినవారిని, నీళ్ళు మోసినవారిని కూడా చెప్పుకోవలెను.

స్వాతంత్ర్యానికి ముందే, 1946లో సర్ జోసెఫ్ భోర్ కమిటీ, జబ్బు చేసిన తరువాత చేసే వైద్యమూ, జబ్బు రాకుండా చేసే పనీ విడదీయరాదని, రెండూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కలిసి ఉండవలెనని సిఫారసు చేసింది. 1964లో జర్మనీ దేశంలోని ట్యూబింగెన్ నగరంలో క్రైస్తవ వైద్య సేవను గురించి ఒక సమావేశం జరిగింది. స్వస్థత సేవ ఆసుపత్రి గోడల మధ్య ఉండే డాక్టర్లది మాత్రమే కాదు, స్థానిక సంఘమంతటిదీ అని అక్కడ తేల్చారు. దాని ఫలితంగా 1968లో ప్రపంచ సంఘముల సమాఖ్య క్రైస్తవ వైద్య కమిషన్‌ను ఏర్పాటు చేసింది. 1978లో ఆల్మా ఆటా నగరంలో ప్రపంచ దేశాలు ప్రాథమిక ఆరోగ్యం గురించి చేసిన ప్రకటనలో వ్యవసాయం, ఆహారం, విద్య, ఇండ్లు, నీరు చూచే శాఖలన్నీ ఆరోగ్య శాఖతో కూడి పనిచేయవలెనన్నది ముఖ్యమైన మాట.

మన దేశంలో దానిని చేసి చూపినవారిలో డాక్టరు రజనీకాంత్ ఆరోలే, ఆయన భార్య డాక్టరు మేబెల్ ఆరోలే ముఖ్యులు. ఇద్దరూ వెల్లూరులో చదివినవారు. 1970లో మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్ అనే కరువు ప్రాంతానికి వెళ్ళారు. అక్కడి ప్రజలకు మందులకంటె ముందు కావలసినవి నీళ్ళు, తిండి. కాబట్టి బావులతో, పిల్లల భోజనంతో పని మొదలైంది. తరువాత ఊరివారే ఎన్నుకొన్న స్త్రీలకు ఆరోగ్య శిక్షణ ఇచ్చారు. వారిలో చదువురానివారు, దళిత స్త్రీలు అనేకులు. ఒకప్పుడు ఎవరి గడప తొక్కనివ్వలేదో ఆ స్త్రీల చేతనే ఊరంతా పురుళ్ళు పోయించుకొన్నది. 1979లో ఆ దంపతులకు మెగసెసే పురస్కారం లభించింది. డాక్టరు దగ్గర ఉన్న జ్ఞానాన్ని ఊరికి పంచి పెట్టటమే వారు చేసిన పెద్ద పని.

అన్నీ ఉన్నవి, ముడి లేదు

ఇప్పుడు మన ఊళ్ళలో సేవలు లేవని అనలేము. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం వల్ల అంగన్‌వాడీలు వచ్చినవి. 2005లో ప్రారంభమైన గ్రామీణ ఆరోగ్య మిషన్ వల్ల సుమారు వెయ్యి మందికి ఒక ఆశ కార్యకర్త వచ్చింది. ఉపకేంద్రంలో ఏ.ఎన్.ఎం. ఉన్నది. పింఛన్లు ఉన్నవి. స్త్రీల పొదుపు సంఘాలు, వాటికి గ్రామ సమాఖ్య ఉన్నవి. మరి లోపం ఎక్కడ?

ఆశ, ఏ.ఎన్.ఎం. ఆరోగ్య శాఖ క్రిందివారు. అంగన్‌వాడీ స్త్రీ శిశు సంక్షేమ శాఖది. పింఛను, పొదుపు సంఘాలు గ్రామీణాభివృద్ధి శాఖవి. మురుగు కాలువ పంచాయతీది. వికలాంగుల పింఛనుకు సదరం సర్టిఫికెట్ కావలెను, దానికి పట్నంలో ఆసుపత్రికి పోవలెను. ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క రిజిస్టరు, ఒక్కొక్క పై అధికారి. మనిషి మాత్రం ఒక్కడే. ఒకే అవ్వ ఒక రిజిస్టరులో పింఛనుదారు, ఒక దానిలో బి.పి. రోగి, మరొక దానిలో అప్పు బాకీపడినవారి అత్తగారు. ఈ మూడు రిజిస్టర్లు ఎన్నడూ ఒక బల్ల మీద ప్రక్క ప్రక్కన పెట్టలేదు.

ప్రభుత్వంవారు దీనిని గమనించకపోలేదు. ప్రతి గ్రామానికి ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీ ఉండవలెనని, నెలకొకసారి అంగన్‌వాడీ దగ్గర ఆరోగ్య పోషణ దినం జరపవలెనని ఏర్పాటు ఉన్నది. కాగితం మీద ముడి వేసే ఉన్నది. దానిని బిగించే చేతులు ఊరిలోనే ఉండవలెను.

మేము చేసిన ప్రయత్నము

అవ్వ పోయిన మరుసటి నెల మేము ఆశను, ఏ.ఎన్.ఎం.ను, టీచరమ్మను, గ్రామ సమాఖ్య అధ్యక్షురాలిని, వార్డు సభ్యుని చర్చి వసారాలోకి పిలిచాము. ఇద్దరే వచ్చారు. మేము నొచ్చుకొన్నాము. తరువాత టీచరమ్మ మెల్లగా చెప్పింది: "అయ్యగారూ, మేము ప్రభుత్వ ఉద్యోగం చేసేటోళ్ళం. చర్చికి రమ్మంటే ఊళ్ళె నలుగురు నాలుగు రకాలుగ అనుకుంటరు. మీరే మా అంగన్‌వాడీకి రారాదా?" ఆ మాట మాకు కనువిప్పు. కలిసి పనిచేద్దామని పిలిచినవాళ్ళము మా ఇంటికే రమ్మన్నాము! అప్పటినుండి నెలనెలా ఆరోగ్య పోషణ దినం ముగిసిన తరువాత ఒక గంట అక్కడే కూర్చుంటున్నాము. పిల్లల చిన్న కుర్చీలే మాకు ఆసనాలు. మేము అధ్యక్షత వహించము. ఏ.ఎన్.ఎం. గారు వహిస్తారు.

ఒక నోటు పుస్తకం పెట్టాము. అందులో అయిదే గళ్ళు: ఎవరు, ఏమి కావలెను, ఎవరు చేస్తారు, ఏ తేదీలోగా, అయిందా లేదా. మూడవ గడిలో ఒక్క పేరే ఉండవలెనన్నది నియమం. "అందరము చూద్దాము" అని వ్రాసిన పని ఎవరూ చేయలేదని రెండు నెలలలోనే తెలిసింది.

ఒక తాపీ మేస్త్రి సంగతి చెబుతాము. షుగరు జబ్బు వల్ల మోకాలి క్రింద కాలు తీసివేశారు. ఆసుపత్రి నుండి తెచ్చేటప్పుడే ఒక సంఘ యువకుడు తోడు వెళ్ళి, ఇంటి దగ్గర ఏమి చేయాలి, మందులు ఎట్లా వేయాలి, మళ్ళీ ఎప్పుడు రావాలి అన్న మూడు ప్రశ్నలు అడిగి తెలుగులో వ్రాయించుకొని వచ్చాడు. కట్టు చూచే పని ఏ.ఎన్.ఎం.ది. షుగరు మాత్రలు అందించే పని ఆశది. సదరం కొరకు పేరు నమోదు చేయించి, ఆ రోజున ఆటోలో తీసుకుపోయే పని మా యౌవనస్థులది. భార్యకు అప్పు ఇప్పించి చిన్న కిరాణా దుకాణం పెట్టించే పని గ్రామ సమాఖ్యది. ఈ రోజు ఆయన ఆ దుకాణంలో కూర్చుంటున్నాడు. అన్నీ బాగుపడ్డవని చెప్పలేము. పెద్ద కొడుకు త్రాగుడు మానలేదు. కాని రెండవ కాలు నిలిచింది.

మా వల్ల జరిగిన ఒక పొరపాటు కూడా చెప్పకుండా ఉండలేము. ఒక ఆదివారం ప్రార్థన మనవులలో ఒక యువకుని పేరు చదువుతూ, ఆయనకు టి.బి. అని కూడా చదివాము. ప్రేమతోనే చదివాము. వారం తిరగకముందే హోటలులో ఆయన పని పోయింది. కుదిరిన చెల్లెలి పెండ్లి ఆగిపోయింది. టి.బి. మందులు సక్రమంగా మొదలుపెడితే కొద్ది వారాలలోనే చాలామందిలో అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. ఆరు నెలలు మానకుండా వాడితే సామాన్యమైన టి.బి. నయమౌతుంది. ఇదంతా తరువాత ఇల్లిల్లూ తిరిగి చెప్పాము. కాని నోరు జారిన మాట తిరిగి రాదు గదా. ఆ ఇంటికి పోయి ఆ తల్లి ముందు క్షమాపణ చెప్పుకొన్నాము. అప్పటినుండి నోటు పుస్తకంలోని సంగతి రోగి ఒప్పుకొంటే తప్ప ప్రార్థనలోకి గాని, పీఠం మీదికి గాని రాదు. పేరు చెప్పకుండా ప్రార్థిస్తే దేవునికి ఎవరి సంగతో తెలియదా?

ఇంకొక నియమం ఉన్నది. మంచం దగ్గర మతం అడగము, మతం అమ్మము. పుస్తకంలోని పేర్లలో మన సంఘంవారు కొందరే. ఎవరైనా ప్రార్థన కోరితే చేస్తాము. కోరకపోతే కట్టు మార్చటానికి నీళ్ళు కాచి ఇచ్చి వస్తాము.

కేరళ నుండి ఒక పాఠము

కేరళలో 1993లో కోజికోడ్‌లో నొప్పి ఉపశమన చికిత్సా కేంద్రం ఒకటి మొదలైంది. క్యాన్సరు వంటి జబ్బులతో బాధపడే రోగులు అంత దూరం రాలేకపోతున్నారని గమనించి, రోగి ఇరుగు పొరుగువారికే శిక్షణ ఇచ్చారు. మలప్పురం మొదలైన జిల్లాలలో విద్యార్థులు, ఆటో డ్రైవర్లు, గృహిణులు, మసీదువారు, చర్చివారు, గుడివారు, వేరు వేరు రాజకీయ పార్టీలవారు ఇందులో చేరారు. నర్సు ఇంటికి వస్తుంది. డాక్టరు వెనుక ఉంటాడు. బియ్యం, పిల్లల ఫీజు, కరెంటు బిల్లు ఇరుగు పొరుగు చూస్తారు. 2008లో అక్కడి ప్రభుత్వం దీనికొక విధానం ప్రకటించింది. గ్రామ పంచాయతీలు ఇంటింటి నర్సు సేవకు నిధులు కేటాయిస్తున్నవి. నొప్పికి మందు ఇవ్వటం ఒక శాఖ పని, ఆ ఇంట్లో పొయ్యి వెలిగించటం మరొకరి పని అనుకోక, రెండూ ఒక రోగి సేవే అనుకొన్నందువలన అది సాధ్యమైంది.

కొన్ని మనవులు

నూరేండ్ల పండుగ చేసుకొంటున్న ఈ అధ్యక్ష మండలానికి నాలుగు మనవులు చేసుకొంటున్నాము.

మొదటిది. ప్రతి గురుమండలం తన ఊళ్ళలోని ఆరోగ్య పోషణ దినానికి ఒక స్త్రీని, ఒక పురుషుని పంపవలెను. అధికారం చేయటానికి కాదు, వినటానికి.

రెండవది. ప్రతి చర్చిలో బల్లలు, మైకుసెట్టు, షామియానా ఉన్నవి. వాటితోపాటు ఒక గాలి పరుపు, ఒక చక్రాల కుర్చీ, ఒక వాకర్ కొని ఉంచవలెను. ఏ కులంవారు, ఏ మతంవారు అడిగినా ఎరువు ఇవ్వవలెను.

మూడవది. 2022 నుండి నిక్షయ్ మిత్ర పేరుతో వ్యక్తులుగాని, సంస్థలుగాని టి.బి. రోగులకు పౌష్టికాహారం ఇచ్చి తోడుపడే ఏర్పాటు ఉన్నది. ప్రభుత్వం రోగి ఖాతాలో నెలకు వేసే సొమ్మును 2024 నవంబరు నుండి 500 రూపాయల నుండి 1000 రూపాయలకు పెంచింది. దానికి తోడు మన స్త్రీల మైత్రి పిడికెడు బియ్యం పథకం నుండి పప్పు, గుడ్లు, నూనె చేరితే ఆరు నెలల మందు మధ్యలో ఆగదు. రోగి అనుమతితో, ఆరోగ్య శాఖ ద్వారా చేయవలెను.

నాలుగవది. ఆశ కార్యకర్తలను, అంగన్‌వాడీ టీచర్లను, ఆయాలను మనము గౌరవించవలెను. కలిసి పనిచేద్దామంటూ మన పని కూడా వారి నెత్తిన వేయరాదు. వారికి వచ్చేది గౌరవ వేతనం, పారితోషికమే గాని పూర్తి ఉద్యోగి జీతం కాదు. ఎండలో తిరిగి వచ్చే ఆ చెల్లెండ్రను కూర్చోమని మంచినీళ్ళు ఇచ్చే ఇండ్లు ఎన్ని? ఒక మూల బరువంతా వారి భుజం మీద వేసి మనము మంచం అంచు తాకి నడవటం మోయటం కాదు.

ముగింపు

మా ప్రసంగం దీర్ఘమైనది, మన్నించండి. ఈ మధ్య అవ్వ కోడలిని కలిశాము. ఇప్పుడామె నెలనెలా జరిగే ఆ సమావేశానికి గ్రామ సమాఖ్య తరపున వస్తున్నది. మంచం పట్టినవారి ఇంటికి మొదట పోయేది ఆమే. ఒక్కొక్క ఇంట్లో దుప్పటి తీసి, వీపు, మడమలు, మోచేతులు చూచి, రోగిని ప్రక్కకు ఎట్లా తిప్పవలెనో ఇంటివారి చేత చేయించి చూపిస్తున్నది. "మా అత్తమ్మకు ఎవరన్న గిట్ల చెప్పి ఉంటె, అయ్యగారూ..." అని మొన్న ఒక ఇంటి గుమ్మంలో అన్నది. మాట పూర్తి చేయలేదు. మేమూ జవాబు చెప్పలేదు. చెప్పటానికి ఏముందని? ఇద్దరము కలిసి లోపలికి వెళ్ళాము. ఆమె ఒక ప్రక్క, మేము ఒక ప్రక్క పట్టుకొని ఆ ఇంటి తాతను ఎడమ ప్రక్కకు తిప్పాము.

రానున్న నూరేండ్లలో మన సంఘాలు చనిపోయినవారికి ఎంత ఘనంగా భూస్థాపన చేసినవన్నది ఎవరూ అడుగరు. మంచం పట్టినవారి ఇంటికి నలుగురై వెళ్ళారా అని అడుగుతారు. ఆ నలుగురిలో ఒకరు నర్సమ్మ కావచ్చును, ఒకరు టీచరమ్మ కావచ్చును, ఒకరు పొరుగింటి హిందూ సోదరి గాని ముస్లిము సోదరుడు గాని కావచ్చును. నాలుగవ మూల ఖాళీగా ఉండకుండా చూచుట మన వంతు.